ప్రెస్ వాళ్లు 300 డీపీఐ అడిగారు, ప్రాపర్టీస్‌లో 96 చూపిస్తోంది: ప్రోగ్రాంలో మార్చాల్సింది ఏది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీ హైస్కూలు పూర్వ విద్యార్థుల సంచిక అచ్చు వేయిస్తున్నారు. వాట్సాప్‌లో 640 దాకా ఫోటోలు పోగయ్యాయి, చాలావరకు 1600 × 1200 పిక్సెళ్లవి. ప్రెస్‌లో డీటీపీ చూసే ఆయన "అన్నీ 300 డీపీఐలో ఇవ్వండి" అన్నారు. మీరు పైథాన్‌లో ఫోటోలు మార్చే పిల్లో లైబ్రరీతో ఒక్కో ఫోటోను నాలుగింతలు రీసైజ్ చేశారు. ఫైళ్లు బరువెక్కాయి, ముఖాలు మెత్తబడ్డాయి, విండోస్ ప్రాపర్టీస్‌లో మాత్రం ఇంకా 96 అనే ఉంది. రిజల్యూషన్ పెంచే ఫంక్షన్ ఏది, రేపు సీ షార్ప్‌లోకి మార్చుకుంటే వేరేగా ఉంటుందా, ఇదే స్క్రిప్టుతో ఆన్‌లైన్ అప్లికేషన్లకు 50 కేబీ లోపు ఫోటోలు కూడా చేసుకోవచ్చా అని అడిగారు.

మీ కోడ్‌లో తప్పు లేదు. మీరు చెప్పిందే అది చేసింది. చిక్కంతా రిజల్యూషన్ అనే మాటతోనే. ఆ ఒక్క మాటతో రెండు వేర్వేరు సంగతులు చెబుతుంటారు: ఫోటోలో మొత్తం ఎన్ని పిక్సెళ్లు ఉన్నాయన్నది ఒకటి, కాగితం మీద అంగుళానికి ఎన్ని పిక్సెళ్లు పేర్చాలన్నది రెండోది, డీపీఐ అంటే ఇదే. మీరు మొదటిదాన్ని మార్చారు. ప్రెస్ ఆయన అడిగింది రెండోదాని గురించి. విండోస్ చూపించేది కూడా రెండోదే.

ముగ్గు గుర్తు తెచ్చుకోండి. పదిహేను చుక్కలు, పదిహేను వరుసలు. అదే ముగ్గును నోటు పుస్తకంలో వేసుకోవచ్చు, వాకిలి నిండా వేయవచ్చు. చుక్కల లెక్క మారదు, చుక్కకూ చుక్కకూ మధ్య ఎడం మారుతుంది. డీపీఐ అంటే ఆ ఎడం ఎంతుండాలో చెప్పే చీటీ. ఫోటో ఫైలులో ఆ చీటీ మీద 96 కొట్టేసి 300 రాసినంత మాత్రాన చుక్కలు పెరగవు. మీరు చేసిన నాలుగింతల రీసైజ్ ఏమిటంటే, ఉన్న చుక్కల మధ్యలో ఊహించి కొత్త చుక్కలు పెట్టడం. 1600 × 1200 కాస్తా 6400 × 4800 అయింది, అంటే పిక్సెళ్లు పదహారింతలు. పదహారింటిలో పదిహేను మీ ప్రోగ్రాం అంచనాగా పెట్టినవే. ముఖాలు మెత్తబడ్డాయంటే అందుకే.

కాబట్టి కోడ్ ముట్టుకునే ముందు ప్రెస్ ఆయన్ని ఒక ప్రశ్న అడగండి: ఏ ఫోటో పేజీ మీద ఎన్ని అంగుళాల వెడల్పులో పడుతుంది? ఈ లెక్క లేకుండా 300 డీపీఐ అనే మాటకు అర్థమే లేదు. లెక్క చాలా సులువు. అంగుళాల వెడల్పును 300తో గుణిస్తే కావాల్సిన పిక్సెళ్లు వస్తాయి. ఇలాంటి సంచికల్లో ఒక్కొక్కరి ఫోటో మహా అయితే అంగుళంన్నర వెడల్పు ఉంటుంది. అంటే 450 పిక్సెళ్లు చాలు. మీ దగ్గర 1200 ఉన్నాయి. మనిషి ముఖం వరకే కత్తిరించినా ఇంకా సరిపోవచ్చు. పెంచడం అలా ఉంచి, మీరు తగ్గించాల్సిన ఫోటోలే ఎక్కువ ఉన్నాయని నా అనుమానం.

ఇబ్బంది వచ్చేది గ్రూప్ ఫోటోల దగ్గరే. పేజీ నిండా 7 అంగుళాల వెడల్పులో వేస్తామంటే 2100 పిక్సెళ్లు కావాలి. మీ దగ్గరున్న 1600ను 7తో భాగిస్తే 228 వస్తుంది. ఇది చాలదా? చాలావరకు చాలుతుంది. ఎందుకో చెప్పాలంటే 300 అనే అంకె ఎక్కడినుంచి వచ్చిందో కొంచెం చెప్పాలి.

మామూలు చూపున్న మనిషి కన్ను సుమారు ఒక ఆర్క్ మినిట్ కోణం దాకా, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు దాకా, వివరాన్ని విడదీసి చూడగలదు. పుస్తకాన్ని అడుగు దూరంలో పట్టుకుంటే ఆ లెక్క అంగుళానికి దాదాపు 290 చుక్కలకు వస్తుంది. ఇది ఒక కారణం. రెండోది అచ్చు యంత్రం వైపు నుంచి. ఆఫ్‌సెట్‌లో ఫోటోను సన్న చుక్కల జాలీగా విడగొట్టి వేస్తారు. ఆర్ట్ పేపరు మీద సాధారణంగా అంగుళానికి 150 లైన్ల స్క్రీన్ (ఆ జాలీకే ఈ పేరు) వాడతారు. ఆ లైన్లకు రెట్టింపు పిక్సెళ్లు ఇవ్వండి అన్నది ప్రెస్‌ల వాడుక సూత్రం, అందుకే 300. నిజానికి ఒకటిన్నర రెట్లు, అంటే 225 ఉన్నా అచ్చులో తేడా పట్టుకోవడం కష్టం. మీ 228 ఆ గీత దాటింది. న్యూస్‌ప్రింట్ మీద స్క్రీన్ ఇంకా ముతక, అక్కడ అంత కూడా అక్కర్లేదు. సమ్మేళనం రోజు గేటు ముందు కట్టే ఫ్లెక్సీ సంగతి మరీ వేరు. పది అడుగుల దూరం నుంచి చూస్తే కంటికి అంగుళానికి 30 చుక్కలు కూడా విడివిడిగా కనిపించవు. పది అడుగుల ఫ్లెక్సీకి 300 డీపీఐ ఫైలు పట్టుకెళితే షాపులో కంప్యూటర్ మొరాయించడం తప్ప ప్రయోజనం ఉండదు. 72 గానీ 100 గానీ ఎక్కువే.

96 ఎక్కడిదంటారా? 1984లో వచ్చిన మొదటి మెకింతోష్ తెర అంగుళానికి 72 పిక్సెళ్లు. అచ్చు పనిలో ఒక పాయింటు అంటే అంగుళంలో 72వ వంతు కాబట్టి రెండూ సరిపోయేలా పెట్టుకున్నారు. విండోస్ 96ను ఎంచుకుంది. ఫైలులో డీపీఐ చీటీ అసలు లేకపోతే విండోస్ తన అలవాటు అంకె 96 చూపిస్తుంది. మీ విషయంలో జరిగింది బహుశా ఇదే. మీ ఫైళ్లలో 96 అని ఎవరూ రాసి ఉండరు, ఏమీ రాసి లేకపోవడమే అలా కనిపిస్తోంది. "వెబ్‌కి 72 డీపీఐలో సేవ్ చేయాలి" అని ఇంకా కొన్ని కోర్సుల్లో చెబుతుంటారు. బ్రౌజర్ ఫోటో వేసేటప్పుడు పిక్సెళ్లే చూస్తుంది, సాధారణంగా ఆ చీటీ జోలికి పోదు.

ఇప్పుడు ప్రోగ్రాం సంగతి. మీరు భాష మార్చుకుంటానన్నారు కాబట్టి కోడ్ అతికించకుండా మాటల్లోనే చెబుతాను, ఏ భాషలోకైనా దించుకోవచ్చు.

చీటీ ఒక్కటే మార్చాలంటే పిల్లోలో ఒక్క లైను పని. ఫోటో ఓపెన్ చేసి, సేవ్ చేసేటప్పుడు డీపీఐ అనే పేరుతో (300, 300) అనే జత ఇవ్వాలి. రీసైజ్ పిలవనక్కర్లేదు. కాకపోతే ఇందులో ఒక నష్టం ఉంది. జేపెగ్‌ను తెరిచి మళ్లీ సేవ్ చేయడమంటే మళ్లీ కుదించడమే. క్వాలిటీ ఎంతో మీరు చెప్పకపోతే పిల్లో 75 తీసుకుంటుంది. వాట్సాప్‌లో ఒకసారి నలిగిన ఫోటోను మీరు ఇంకోసారి నలిపినట్టు. కనీసం 92 ఇవ్వండి. 95 దాటి ఇస్తే ఫైలు బరువు పెరుగుతుంది తప్ప కంటికి తేడా తెలియదు. ఎర్ర పట్టుచీర అంచులు, బొట్టు, ఫోటో మీద ఎర్ర అక్షరాలు ఉన్నచోట సబ్‌శాంప్లింగ్ అనే ఆప్షన్‌కు 0 ఇవ్వడం మంచిది. లేకపోతే రంగుల సమాచారాన్ని అడ్డంగానూ నిలువుగానూ సగానికి తగ్గించి దాస్తుంది, ఎరుపు అంచు పక్కకు చెదిరినట్టు కనిపిస్తుంది.

అసలు మళ్లీ కుదించకుండానే చీటీ మార్చవచ్చు. నాకు ఇష్టమైన పద్ధతి ఇది, పైగా ఫైలు లోపల ఏముందో కళ్లారా చూడవచ్చు. జేఫిఫ్ అనేది జేపెగ్ ఫైలు మొదట్లో డీపీఐ లాంటి వివరాలు రాసే ఒక పద్ధతి. ఆ తరహా ఫైలును బైట్లుగా చదివితే మొదటి రెండు బైట్లు 255, 216. తర్వాతి రెండు 255, 224. ఆపై రెండు బైట్లలో ఆ భాగం పొడవు. తర్వాత 74, 70, 73, 70, 0, అంటే జే ఎఫ్ ఐ ఎఫ్ అనే నాలుగు అక్షరాలు, ఒక సున్నా. రెండు బైట్లలో వెర్షన్. సున్నా నుంచి లెక్కపెడితే 13వ బైటులో కొలమానం ఉంటుంది: 0 అయితే కొలత లేదు, 1 అయితే అంగుళానికి, 2 అయితే సెంటీమీటరుకు. 14, 15 బైట్లలో అడ్డం లెక్క, 16, 17లో నిలువు లెక్క. పెద్ద బైటు ముందు వస్తుంది. 300 అంటే 256 + 44 కాబట్టి 1, 44 అని రాయాలి. మొత్తం మీద 13వ బైటులో 1, ఆ తర్వాత 1, 44, 1, 44. అయిదు బైట్లు. ఫోటోలో ఒక్క పిక్సెల్ కూడా కదలదు, ఫైలు సైజు ఒక్క బైటు కూడా మారదు. 640 ఫోటోలూ కొన్ని సెకన్లలో అయిపోతాయి.

రాసే ముందు ఆ జే ఎఫ్ ఐ ఎఫ్ అక్షరాలు నిజంగా అక్కడ ఉన్నాయో లేదో ప్రోగ్రాం తనిఖీ చేయాలి. ఫోన్ కెమెరా నుంచి నేరుగా వచ్చిన ఫైళ్లు చాలావాటిలో 255, 224 బదులు 255, 225 ఉంటుంది. అది ఎక్సిఫ్ భాగం, కెమెరా తన వివరాలు రాసే చోటు. అందులో అడ్డం లెక్క 282వ ట్యాగ్, నిలువు లెక్క 283వ ట్యాగ్, కొలమానం 296వ ట్యాగ్ (అంగుళమైతే 2, సెంటీమీటరైతే 3). గుడ్డిగా 13వ బైటు మీద రాస్తే ఎక్సిఫ్ పాడవుతుంది. దీన్ని చేత్తో మార్చడం కన్నా ఎక్సిఫ్‌టూల్ అనే కమాండ్‌లైన్ ప్రోగ్రాంను మీ స్క్రిప్టు నుంచి పిలవడం తేలిక. అది కూడా పిక్సెళ్లను ముట్టుకోదు.

ఒకే ఫైలులో జేఫిఫ్‌లో 300, ఎక్సిఫ్‌లో 72 ఉండే అవకాశం ఉంది. పిల్లోతో సేవ్ చేస్తూ డీపీఐ 300 ఇచ్చి, పాత ఎక్సిఫ్‌ను అలాగే జత చేస్తే సరిగ్గా ఇదే జరుగుతుంది. ఒక సాఫ్ట్‌వేర్ 300 అంటుంది, ఇంకోటి 72 అంటుంది. ఫోన్లలో ప్రెస్ ఆయనకూ మీకూ వాదన. ఎక్సిఫ్ దాచుకోవాలనుకుంటే పై మూడు ట్యాగులు కూడా మార్చి దాచండి.

పీఎన్‌జీలో కొలత అంగుళాల్లో ఉండదు, మీటరుకు ఎన్ని పిక్సెళ్లో రాస్తారు. 300 డీపీఐ అంటే మీటరుకు 11811. అది పూర్ణసంఖ్యే కావాలి కాబట్టి మళ్లీ చదివినప్పుడు 300 బదులు 299.9994 కనిపిస్తుంది. మీ ప్రోగ్రాంలో "300కు సమానమా" అని పోల్చి చూస్తే ప్రతి పీఎన్‌జీ ఫెయిల్ అవుతుంది. నేను ఒకసారి ఈ పోలికతోనే ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను. రౌండ్ చేసి పోల్చండి.

ఇక పిక్సెళ్లు నిజంగా మార్చాల్సిన చోటు. తగ్గించడం ఒక పని, పెంచడం వేరే పని. రెండింటికీ ఒకే జాగ్రత్తలు పనికిరావు.

తగ్గించేటప్పుడు భయం వివరం పోతుందని కాదు, లేని వివరం పుడుతుందని. సన్నగీతల చీర, గళ్ల చొక్కా, జాలీ కిటికీ, ఇవి ఉన్న ఫోటోను సరిగా సగటు తీయకుండా తగ్గిస్తే నీటి అలల్లాంటి చారలు వస్తాయి. వీటిని మోయిరే అంటారు. ఒక చీరల వ్యాపారి కేటలాగ్‌కి నేను మొదట రాసిన స్క్రిప్టులో నాలుగు పిక్సెళ్లకు ఒకటి ఎత్తిపెట్టే నియరెస్ట్ పద్ధతి ఉండిపోయింది. సన్న గళ్ల నేత మీద ఎక్కడా లేని వంకర చారలు పడ్డాయి. "ఈ డిజైను మా మగ్గం మీద నేయలేదే" అన్నారాయన. పిల్లోలో 7.0కు ముందు వెర్షన్లలో రీసైజ్‌కి ఫిల్టర్ (కొత్త పిక్సెళ్లను లెక్కకట్టే పద్ధతి) ఏదో చెప్పకపోతే అదే పద్ధతి వాడేది. ఆ తర్వాతి నుంచి బైక్యూబిక్. మీరు ఏ వెర్షన్ వాడినా ఫిల్టర్ పేరు విప్పి రాయండి, లాంజోస్ అని. ఇంటర్నెట్‌లో దొరికే పాత కోడ్‌లో యాంటీఎలియాస్ అనే పేరు కనిపిస్తుంది. అది లాంజోస్‌కే పాత పేరు, 2023లో వచ్చిన పిల్లో 10 నుంచి తీసేశారు. అక్కడ ఎర్రర్ వస్తే టెన్షన్ పడకండి, పేరు మార్చితే చాలు.

ఓపెన్‌సీవీ అనే ఇంకో ఇమేజ్ లైబ్రరీ వాడేవాళ్లకు ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. దాని రీసైజ్ మామూలుగా వాడే లీనియర్ పద్ధతి, బాగా తగ్గించేటప్పుడు మధ్యలో పిక్సెళ్లను పట్టించుకోకుండా దూకేస్తుంది. తగ్గించడానికి అందులో ఇంటర్ ఏరియా అనే ఆప్షన్ ఇవ్వాలి. తెలుగువాళ్లకు ఓపెన్‌సీవీతో ఇంకో చిక్కు కూడా ఉంది. విండోస్‌లో ఫైలు పేరు తెలుగులో ఉంటే దాని ఇమ్‌రీడ్ ఫంక్షన్ తరచూ ఫైలు తెరవలేక ఖాళీ విలువ ఇస్తుంది, ఎర్రర్‌తో ఆగిపోదు కూడా. "పదో తరగతి బి సెక్షన్" అని పేరున్న ఫోటో అందుకే మాయమవుతుంది. ఫైలును ముందు బైట్లుగా నంపై అనే లైబ్రరీతో చదివి, ఇమ్‌డీకోడ్‌కి ఇస్తే తెరుచుకుంటుంది. పిల్లోకు ఈ బెడద లేదు.

రెండు కొలతలూ మీరే ఇస్తే మనుషులు సాగిపోతారు. పిల్లోలో థంబ్‌నెయిల్ అనే ఫంక్షన్ నిష్పత్తి చెడకుండా, ఇచ్చిన హద్దులో పట్టేలా తగ్గిస్తుంది, పొరపాటున కూడా పెంచదు. అది అసలు ఇమేజ్‌నే మార్చేస్తుంది, కొత్తది తిరిగి ఇవ్వదు. దాని ఫలితాన్ని వేరియబుల్‌లో పెట్టుకుని "ఏమీ రాలేదే" అనుకునేవాళ్లు వారానికొకరు తగులుతారు. పీ మోడ్‌లో ఉండే ఫోటోలు, అంటే 256 రంగుల పట్టికతో ఉండే జిఫ్‌లు, కొన్ని పీఎన్‌జీలు, వాటికి మీరు లాంజోస్ అని రాసినా పిల్లో నియరెస్టే వాడుతుంది. ముందు ఆర్‌జీబీలోకి మార్చండి. తగ్గించాక ఫోటో కాస్త మెత్తగా అనిపిస్తే అంచులకు పదును పెట్టే అన్‌షార్ప్ మాస్క్ తేలికగా ఒకసారి వేయవచ్చు, వ్యాసార్థం 1 లోపు, శాతం 60-80 మధ్య. మామూలుగా వచ్చే 150 శాతం ముఖాలకు ఎక్కువ, చర్మం గరుకుగా కనిపిస్తుంది.

పెంచడం విషయంలో నా పద్ధతి ఇది: ఒకటిన్నర రెట్ల దాకా లాంజోస్‌తో పెంచుతాను, ఆ పైన పెంచను. ఫోటోను పేజీ మీద చిన్నదిగా వేయమంటాను. పది శాతం చొప్పున మెట్లు మెట్లుగా పెంచితే బాగా వస్తుందని ఒక నమ్మకం ఉంది. మంచి ఫిల్టర్ ఉన్నప్పుడు దానివల్ల లాభం నేనెప్పుడూ చూడలేదు, ఒక్కసారిగా పెంచడమే మేలు. రియల్ ఈఎస్‌ఆర్‌గాన్ లాంటి ఏఐ మోడళ్లు గోడలు, చెట్లు, చీర అంచుల మీద బాగానే పనిచేస్తాయి. గ్రూప్ ఫోటోలో మూడో వరుసలో నిలబడిన, నలభై పిక్సెళ్లు కూడా లేని ముఖం మీద మాత్రం వాడొద్దు. ఆ మోడల్ తాను నేర్చుకున్న ముఖాల నుంచి ఒక ముఖం అల్లి పెడుతుంది. అది చూడ్డానికి బాగుంటుంది, కానీ మీ క్లాస్‌మేట్ కాదు. పేరు కింద వేరే మనిషి పడతాడు. చనిపోయిన మాస్టారి ఫోటో అయితే వాళ్లింట్లోవాళ్లు వెంటనే పట్టేస్తారు.

దానికన్నా మంచి దారులు రెండున్నాయి. పంపినవాళ్లను అదే ఫోటో వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపమనండి. అప్పుడు కుదించని అసలు ఫైలు వస్తుంది. పాత ప్రింటు ఉన్నదైతే దాన్ని ఫోన్‌తో ఫోటో తీయకుండా స్కానర్ మీద 600 డీపీఐలో స్కాన్ చేయించండి. 4 × 6 అంగుళాల ప్రింటు నుంచి 2400 × 3600 పిక్సెళ్లు వస్తాయి, అంటే ప్రింటుకు రెట్టింపు సైజులో వేసినా 300 నిలుస్తుంది. డీపీఐ అన్న మాట చీటీగా కాక నిజమైన కొలతగా పనిచేసేది స్కానర్ దగ్గరే. 640లో ఇలా మళ్లీ తెప్పించాల్సినవి ముప్పయ్యో నలభయ్యో ఉంటాయి, అంతే.

వాటిని పట్టుకోవడమే మీ స్క్రిప్టు మొదటి పని కావాలి. ఏదీ మార్చకుండా ముందు అన్ని ఫోటోలూ చదివి, ఒక్కోదానికి పిక్సెళ్ల వెడల్పును పేజీ మీద పడే అంగుళాలతో భాగించి, వచ్చిన అంకెను సీఎస్‌వీలో, అంటే ఎక్సెల్‌లో తెరుచుకునే పట్టిక ఫైలులో, రాయండి. 225 పైన ఉన్నవి సరే. 150 నుంచి 225 మధ్య ఉన్నవి కొంచెం చిన్నగా వేయాలి. 150 కింద ఉన్నవి మళ్లీ తెప్పించాలి. సీఎస్‌వీని యూటీఎఫ్-8-సిగ్ ఎన్‌కోడింగ్‌లో రాస్తే ఎక్సెల్‌లో తెలుగు పేర్లు చెడిపోకుండా తెరుచుకుంటాయి. ఫోన్‌లో తీసిన నిలువు ఫోటోలు ఫైలులో పడుకుని ఉంటాయి, ఎక్సిఫ్‌లో 274వ ట్యాగ్ వాటిని నిలబెట్టమని చెబుతుంది. కాబట్టి వెడల్పు కొలిచే ముందే ఇమేజ్‌ఆప్స్‌లోని ఎక్సిఫ్ ట్రాన్స్‌పోజ్‌తో తిప్పండి. లేకపోతే ఎత్తును వెడల్పు అనుకుని లెక్క కడతారు. తిప్పాక ఎక్సిఫ్‌ను కొత్త ఇమేజ్ నుంచే తీసుకోవాలి. పాతదాన్ని జత చేస్తే చూసే సాఫ్ట్‌వేర్ ఇంకోసారి తిప్పుతుంది, హెడ్‌మాస్టరు గారు పక్కకు ఒరిగిపోతారు.

సేవ్ చేసేటప్పుడు ఓపెన్ చేసిన ఫోటోలోని ఐసీసీ ప్రొఫైల్‌ను (రంగులను ఎలా చదవాలో చెప్పే సమాచారాన్ని) కూడా చేతికిచ్చి పంపండి. జేపెగ్ సేవ్ చేసేటప్పుడు మీరు ఇవ్వకపోతే పిల్లో దాన్ని వదిలేస్తుంది. ఐఫోన్ ఫోటోలు డిస్‌ప్లే పీ3 అనే విశాలమైన రంగుల పరిధిలో ఉంటాయి. ప్రొఫైల్ పోతే రంగులు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. సీఎంవైకేలోకి, అంటే అచ్చు సిరాల నాలుగు రంగుల్లోకి, మార్చడం మాత్రం ప్రెస్‌కే వదిలేయండి, వాళ్ల కాగితం వాళ్లకు తెలుసు. ఎవరైనా 108 మెగాపిక్సెళ్ల ఫోన్ ఫోటో పూర్తి సైజులో పంపితే పిల్లో డికంప్రెషన్ బాంబ్ అని హెచ్చరిస్తుంది. సుమారు 8.9 కోట్ల పిక్సెళ్లు దాటితే వచ్చే హెచ్చరిక అది, ఫైలు పాడైందని కాదు. మీకు తెలిసినవాళ్లు పంపినదైతే హద్దు పెంచుకుని ముందుకెళ్లండి. అన్నిటికన్నా ముఖ్యం, ఫలితాలను వేరే ఫోల్డర్‌లో రాయండి. అసలు ఫోటో మీదే సేవ్ చేసే స్క్రిప్టును నేను రెండోసారి రన్ చేసిన రోజు నాకు ఇంకా గుర్తుంది.

సీ షార్ప్‌లో బిట్‌మ్యాప్ క్లాసుకు సెట్ రిజల్యూషన్ అనే మెథడ్ ఉంది. పేరు చూసి పిక్సెళ్లు మార్చుతుందనుకుంటారు, అది చీటీ ఒక్కటే మారుస్తుంది. ఆ చీటీ అక్కడ ఇంకో రకంగా దెబ్బ తీస్తుంది: గ్రాఫిక్స్‌లో డ్రా ఇమేజ్‌కు వెడల్పు, ఎత్తు ఇవ్వకుండా స్థానం మాత్రమే ఇస్తే, అది డీపీఐ చూసి అంగుళాల లెక్కన గీస్తుంది, ఫోటో అనుకోని సైజులో పడుతుంది. ఎప్పుడూ నాలుగు కొలతలూ ఇవ్వండి. ఈ క్లాసులున్న సిస్టమ్ డ్రాయింగ్ లైబ్రరీ డాట్‌నెట్ 6 నుంచి విండోస్‌కే పరిమితం. లినక్స్ సర్వర్ అయితే ఇమేజ్‌షార్ప్ గానీ స్కియాషార్ప్ గానీ చూసుకోండి. పీహెచ్‌పీలో 7.2 నుంచి ఇమేజ్ రిజల్యూషన్ అనే ఫంక్షన్ ఇదే పని చేస్తుంది. ఇమేజ్‌మ్యాజిక్ అనే కమాండ్‌లైన్ ప్రోగ్రాంలో తేడా పేర్లలోనే కనిపిస్తుంది: డెన్సిటీ, యూనిట్స్ ఆప్షన్లు చీటీని మారుస్తాయి, రీసైజ్ పిక్సెళ్లను మారుస్తుంది, రీశాంపుల్ రెండింటినీ కలిపి మారుస్తుంది.

చివరిగా 50 కేబీ ప్రశ్న. అక్కడ డీపీఐతో అసలు పని లేదు, పిక్సెళ్లు, కేబీలు మాత్రమే. ఐబీపీఎస్ బ్యాంకు పరీక్షల దరఖాస్తులో ఫోటో 200 × 230 పిక్సెళ్లు, 20 నుంచి 50 కేబీ మధ్య అడుగుతారు. సంతకం 140 × 60, 10 నుంచి 20 కేబీ. అమెరికా వీసా డీఎస్-160 ఫారానికి చతురస్రం ఫోటో, 600 × 600కు తగ్గకుండా 1200 × 1200కు మించకుండా, 240 కేబీ లోపు. ముందు ఆ నిష్పత్తికి కత్తిరించండి, తర్వాత లాంజోస్‌తో ఆ పిక్సెళ్లకు తెచ్చుకోండి, ఆ తర్వాతే క్వాలిటీ. పీఎన్‌జీ నుంచి వస్తున్నదైతే పారదర్శక భాగం ఉంటే జేపెగ్‌గా సేవ్ కాదు, ఎర్రర్ ఇస్తుంది. తెల్లటి ఖాళీ ఇమేజ్ తయారుచేసి, ఆల్ఫాను (పారదర్శకత విలువలను) మాస్క్‌గా ఇచ్చి దాని మీద అతికించండి.

క్వాలిటీ ఎంత ఇవ్వాలో ఊహించి ఒక్కొక్కటి తగ్గించుకుంటూ రానక్కర్లేదు. డిస్క్ మీద కాకుండా మెమరీలోని బఫర్‌లోకి సేవ్ చేసి దాని పొడవు చూడండి. 1కీ 95కీ మధ్య సగం దగ్గర మొదలుపెట్టి, హద్దు దాటితే కింది సగం, లోపల ఉంటే పై సగం. ఏడు ప్రయత్నాల్లో హద్దులో పట్టే అత్యధిక క్వాలిటీ దొరుకుతుంది. 200 × 230 ఫోటోలో మొత్తం ఉన్నవే 46 వేల పిక్సెళ్లు కాబట్టి అంత చిన్న ఫోటో 95లో కూడా ఒక్కోసారి 20 కేబీకి తక్కువే వస్తుంది, ముఖ్యంగా వెనక తెల్ల గోడ ఉంటే. అప్పుడు సబ్‌శాంప్లింగ్ 0 ఇచ్చి చూడండి, ఫైలు కొంత బరువెక్కుతుంది. ఫలితం క్వాలిటీ 40 కింద వచ్చిందంటే మీరు కొలతలు తగ్గించడం మర్చిపోయి ఉంటారు, రీసైజ్ లైను ఒకసారి చూసుకోండి.